కోళ్ల కొట్టం అన్న అబద్ధం

“గీత పడలేదు,” అంది దమియానా.

వెనక వరండాలో చేట ముందేసుకుని చిక్కుడు గింజలు ఏరుతున్న జుల్మీరా చేయి ఆగింది. తలెత్తి కూతురి ముఖంలోకి చూసింది.

“పడలేదా? అయితే నా కొడుక్కి ఆ జబ్బు లేనట్టేగా! తల్లీ మరియమ్మా, నీ పాదాలు కడిగి నెత్తిన చల్లుకుంటా!”

“జబ్బు లేదని కాదమ్మా. మేం వెతికిన జబ్బు కాదని. వాడి ఊపిరితిత్తుల్ని తింటున్నదేదో తింటూనే ఉంది.”

జుల్మీరా మళ్ళీ గింజల్లో వేళ్ళు పెట్టింది. ఏరిన రాళ్ళను గింజల్లోనే వేస్తోందని దమియానా గమనించింది. చెప్పలేదు.

దమియానా తను పనిచేసే ల్యాబ్ ఉన్న రాజధానిలో తెల్లవారుజామున బస్సెక్కి మధ్యాహ్నానికి పట్నంలో దిగింది. దిగిందే తడవుగా ఆసుపత్రికి వెళ్ళి తమ్ముణ్ణి చూసింది. వాల్దిర్ అక్కను గుర్తుపట్టాడు. “అక్కా” అనడానికి మూడుసార్లు ఊపిరి కూడదీసుకోవలసి వచ్చింది. ఎద్దు కొమ్ములు పట్టి వంచినవాడు, ఎనిమిది రోజుల్లో దుప్పటి కింద ఉన్నాడో లేడో తెలియనంతగా అయిపోయాడు. క్షయ మందులు వేస్తున్నారు. క్షయ అని ఎవరికీ నమ్మకం లేదు. చేతిలో ఉన్నవి అవే కనుక వేస్తున్నారు.

“రేపటికల్లా గొంతులో గొట్టం వేయాల్సి రావచ్చు. జబ్బు పేరు తెలిస్తే మందు మారుస్తాను. తెలియకుండా మార్చలేను,” అంది డాక్టర్ మార్సియా.

అక్కడి నుంచి దమియానా, వాల్దిర్ భార్య జాసిరా ఒకే బండి మీద ఊరికి వచ్చారు. బట్టలు సర్దుకుని సాయంత్రం మళ్ళీ వెళ్ళాలి. జాసిరాకి ఏడో నెల. దారంతా ఒక చేత్తో పొట్ట పట్టుకుని, ఒక చేత్తో వదిన నడుం పట్టుకుని కూర్చుంది.

“నీ చేతుల్తో నువ్వే చేశావా ఆ పరీక్ష?” అని అడిగింది జుల్మీరా.

“నేనే చేశా.”

“సరిగ్గా చేశావా?”

“తొమ్మిదేళ్ళ నుంచి చేస్తున్నదే కదమ్మా.”

“అన్నం కూడా నలభై ఏళ్ళ నుంచి వండుతున్నా. అప్పుడప్పుడు మాడుతుంది.”

దమియానాకి కోపం రాలేదు. బల్ల దగ్గరికి జరిగి చేటలోంచి గుప్పెడు గింజలు తీసుకుంది. ఒక గింజను మధ్యలో పెట్టి, చుట్టూ ఆరు గింజలు పేర్చింది.

“ఇలా చూడు. పళ్లెంలో జిగురు పోసి గడ్డకట్టాక ఇలా గుంటలు చేస్తాం. చుట్టూ ఉన్న గుంటల్లో మనుషుల రక్తం తేట పోస్తాం. నడిమి గుంటలో ఏదో ఒక బూజు సారం పోస్తాం. రెండు రోజులు తడి పెట్టెలో మూసి ఉంచితే రెండూ జిగురులోంచి పాకి ఎదురుపడతాయి. ఆ బూజుతో ముందే పోట్లాడిన రక్తమైతే, ఎదురుపడ్డ చోట వెంట్రుక మందాన తెల్ల గీత కడుతుంది.”

“మరి కట్టలేదన్నావుగా?”

“నడిమి గుంటలో ఏది పోస్తే దాని గురించే రక్తం జవాబు చెబుతుంది. వేరేది పోస్తే నోరెత్తదు. నేను కోళ్ల రెట్టలో పెరిగే బూజు పోశాను. ఎందుకు పోశాను? మీరు కాగితం మీద కోళ్ల కొట్టం శుభ్రం చేశారని రాయించారు కాబట్టి.”

జుల్మీరా ఆ గింజలకేసి చూసింది. తర్వాత, ఎవరో పిలిచినట్టు లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళింది. అక్కడ పనేమీ లేదు. జాసిరా అప్పటికే కాఫీ కాస్తోంది.

బయట బండి ఆగింది. జుల్మీరా తమ్ముడు ఒస్ముందో వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చేతిలో టోపీ. పోయిన వారం ఇలాంటి దగ్గుతోనే చనిపోయిన పొరుగువాడు రెజినాల్దోకి ఆ రోజే ఏడో రోజు ప్రార్థన, ఐదింటికి. శవపేటిక మోసిన ఆరుగురిలో ముందు కుడి భుజం ఒస్ముందోదే.

“ఏమ్మా మేనకోడలా! సూదులు తెచ్చావట. మా ఒంట్లో కాస్త రక్తం మిగిల్చి వెళ్తావా, అంతా మూట కట్టుకుపోతావా?”

“కూర్చో మామయ్యా. ఒక మాట అడగాలి.”

“కూర్చుంటే చొక్కా నలుగుతుంది. నేల్మా ముందు ముడతలు పడ్డ చొక్కాతో నిలబడమంటావా? మొగుడు పోయిన మనిషి.”

“నిలబడే చెప్పు. కోళ్ల కొట్టం ఎప్పుడు శుభ్రం చేశారు?”

ఒస్ముందో అక్క వైపు చూశాడు. అక్క పొయ్యి వైపు చూసింది.

“మూడు వారాలైంది. డాక్టరుకి చెప్పాం కదా. నేనూ, వాల్దిరూ, పాపం రెజినాల్దో. ఏళ్ళనాటి రెట్ట. దుమ్ము లేచింది. వాళ్ళకి పడలేదు.”

“నేను ఇందాకే కొట్టంలోకి వెళ్ళొచ్చా,” అంది దమియానా. ఆమె గొంతు పెరగలేదు. చిన్నప్పటి నుంచీ అంతే, కోపం వచ్చేకొద్దీ ఆ గొంతు తగ్గుతుంది. “రెట్ట జానెడు మందాన గడ్డకట్టి ఉంది. మూడు వారాల కింద తుడిచిన నేల మీద అంత పడాలంటే, మామయ్యా, మన పన్నెండు కోళ్ళూ నిద్ర మానేసి అదే పని మీద కూర్చోవాలి.”

జాసిరాకి నవ్వొచ్చింది. వెంటనే చేయి అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వు ఎవరికీ అంటలేదు.

“మన కొట్టమే అని ఎవరన్నారు?” అంది జుల్మీరా అటు తిరిగే. “కాగితం మీద ఎవరి కొట్టమో రాయలేదుగా.”

“ఎవరిదమ్మా మరి?”

కాఫీ పొంగింది. జాసిరా చప్పున దించింది.

దమియానా ఇంకా నెమ్మదిగా అడిగింది. “తాతుకి వెళ్ళారా?”

తాతు అంటే వీపంతా పెంకు కప్పుకుని, ఎండిన నేలలో నిలువెత్తు బొరియ తవ్వుకుని బతికే జంతువు. వాళ్ళుండే పియవీ మెట్ట సీమలో దాని మాంసం తినని ఇల్లు లేదు. తిన్నామని చెప్పే ఇల్లూ లేదు. దాన్ని చంపడం నేరం.

“ఆ పేరు ఈ ఇంట్లో ఎత్తకు!” జుల్మీరా గిర్రున తిరిగి తమ్ముణ్ణి చూపించింది. “పోయినేడు అడవి పోలీసులు వచ్చి వీడి తుపాకీ పట్టుకుపోయినప్పుడు నువ్వున్నావా ఇక్కడ? పదకొండు రాత్రులు స్టేషన్ నేల మీద పడుకున్నాడు. ఇంకోసారి దొరికితే ఇంటి ముఖం చూడవని జడ్జి అన్నాడు. వీడికేమన్నా అయితే వీడి పిల్లల్ని నువ్వు చూస్తావా, నీ జిగురు పళ్ళాలు చూస్తాయా?”

“ల్యాబ్‌కి పోలీసులతో ఏం పనమ్మా? అక్కడ రాసింది డాక్టరు తప్ప ఎవరూ చూడరు.”

“కాగితానికి కాళ్ళుంటాయమ్మా,” అన్నాడు ఒస్ముందో. టోపీ అంచుని వేళ్ళతో తిప్పుతున్నాడు. “నువ్వు అక్కడ బీరువాలో పెడతావు. అది నడుచుకుంటూ స్టేషన్‌కి వస్తుంది. మా బోటివాళ్ళ కాగితాలకి నాలుగేసి కాళ్ళు.”

“అయితే తాతు కాదంటావు.”

“కాదంటున్నా.”

“నాలుగేళ్ళ కింద పక్క జిల్లాలో ఇలాగే చెప్పారు మామయ్యా. బావి పూడిక తీశామన్నారు. ఐదుగురు. వాళ్ళ కుక్కలు కూడా దగ్గాయి. బొరియ అడుగు మట్టిలో ఉంటుంది ఆ బూజు. పిండిలా లేచి ఊపిరితో పాటు లోపలికి పోతుంది. బావి కాదు, తాతు బొరియ అని వాళ్ళు ఒప్పుకునేసరికి ముగ్గురే మిగిలారు.”

“ఆ బూజే పోసి చూడొచ్చుగా! మమ్మల్ని దొంగల్ని నిలబెట్టినట్టు నిలబెట్టి అడగడమెందుకు?”

“దాని సారం సంవత్సరానికి నాలుగైదు చిన్న సీసాలు వస్తాయి. ఎక్కడ తవ్వారో రాసి ఉంటే తప్ప తియ్యనివ్వరు. డాక్టరు మాత్రం ఊహ మీద ఆ మందు ఎక్కించనంటోంది. వాల్దిర్ మూత్రపిండాలు ఇప్పటికే నీరసించాయి. అదే జబ్బు అయితే మందు కాపాడుతుంది, కాకపోతే మందే చంపుతుంది. నాకు కావలసింది మీ నోట్లోంచి ఒక్క మాట.”

జుల్మీరా వాళ్ళిద్దరి మధ్యకి వచ్చి నిలబడింది. తమ్ముడికి అడ్డంగా నిలబడినట్టే ఉంది.

“అమ్మా,” అంది దమియానా, “తమ్ముడు నీకు ఒక్కడే. కొడుకూ ఒక్కడే.”

చెంప మీద దెబ్బ పడుతుందనుకుంది. పడలేదు. జుల్మీరా కూతురి రెండు భుజాలూ పట్టుకుంది.

“ఎవర్ని ఎంచుకోమంటావే?” అంది. “నువ్వే చెప్పు. చదువుకున్నదానివి. వీడు నాలుగేళ్ళవాడప్పుడు మా అమ్మ పోయింది. వీణ్ణి నా చంకలో పెట్టి పోయింది. ఎవర్ని ఎంచుకోను?”

చుట్టూ ఎండ తెల్లగా కాస్తోంది. దడి దాటి ముళ్ళ పొదల మీది నుంచి గాలి లేచి, పెరట్లో ఎర్ర దుమ్ముని గుండ్రంగా తిప్పి వరండా అంచున వదిలేసి పోయింది. జాసిరా మెడలోని గుడ్డ ముక్కు మీదికి లాక్కుంది. దమియానా కూడా తెలియకుండానే ఊపిరి బిగబట్టింది. పుట్టి పెరిగిన ఊరి గాలికి భయపడటం ఆమెకి అదే మొదటిసారి.

“ఒస్ముందో అన్నా!” అని దడి అవతలి నుంచి పిలుపు వినిపించింది.

రెజినాల్దో భార్య నేల్మా. నల్ల బట్టలు ఆమెవి కావు, ఎవరివో పెద్ద కొలతవి. చేతిలో మైనపు కొవ్వొత్తుల కట్ట. లోపలికి రాలేదు. గుమ్మం బయటే నిలబడింది.

“ప్రార్థనకి వస్తున్నావు కదూ అన్నా? ముందు వరసలో నా పక్కన కూర్చో. మా వైపు మగవాళ్ళెవరూ లేరు.” దమియానాని చూసి తల ఊపింది. “వాల్దిర్‌కి ఎలా ఉందమ్మా?”

“అలాగే ఉందక్కా.”

“మావాడూ అలాగే ఉందనేవాడు. పోయే పూట కూడా.” నేల్మా కొవ్వొత్తుల కట్ట చేయి మార్చుకుంది. “మీ మామయ్య లేకపోతే నేనేమైపోయేదాన్నో. పెట్టె మోశాడు. గొయ్యి తవ్వించాడు. నీళ్ళు తెచ్చి పోస్తున్నాడు రోజూ. రుణం ఎలా తీర్చుకోను అన్నా? దేవుడు నిన్ను చల్లగా చూడాలి.”

ఒస్ముందో నోరు తెరిచాడు. ఏదో గురక లాంటి శబ్దం వచ్చింది. నేల్మా దాన్ని ‘సరే’ అనుకుని వెళ్ళిపోయింది.

ఆమె అడుగుల చప్పుడు వినపడనంత దూరం పోయేదాకా ఎవరూ కదల్లేదు. తర్వాత ఒస్ముందో బెంచీ మీద కూలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా నలిగింది.

“వాడు రానన్నాడు,” అన్నాడు. “రెజినాల్దో. ఒంట్లో బాగాలేదు, వద్దన్నా అన్నాడు. ఆడదానిలా మూలుగుతావేంట్రా అని నేనే ఎగతాళి చేసి లేపుకెళ్ళా.”

“ఒరే...” అంది జుల్మీరా.

“ఇంక ఆగలేనక్కా. ఆవిడ దేవుడు చల్లగా చూడాలంది. విన్నావుగా.” మేనకోడలి వైపు తిరిగాడు. “తాతు కోసమే వెళ్ళాం. రాయి మిట్ట అవతల. కుక్క పొద్దున్నే తరిమి బొరియలో దూర్చింది. మధ్యాహ్నం దాకా తవ్వాం. నడుం దాకా దిగాడు రెజినాల్దో. తర్వాత వాల్దిర్. వాళ్ళు తల పైకెత్తితే కనుబొమలు కూడా తెల్లగా, రొట్టెల బట్టీలోంచి వచ్చినట్టు. అది చూసి నవ్వుకున్నాం కూడా. నేను పైన నిలబడి మట్టి లాగేశా.”

“ఆ పెంకుదాని కోసమా!” జుల్మీరా గొంతు చీలింది. కోడలి వైపు చేయి చాపింది. “ఈ మహారాణి కోరిక! నిద్రలో కూడా తాతు కూర, తాతు కూర. కోరిక తీర్చకపోతే బిడ్డ ఒంటి మీద మచ్చ పడుతుందని వాడు పరుగెత్తాడు. తీరిందా తల్లీ కోరిక?”

జాసిరా కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టింది. గ్లాసు చప్పుడు కాకుండా చాలా జాగ్రత్తగా పెట్టింది. తల వంచుకునే ఉంది.

“అమ్మా, చాలు,” అంది దమియానా. అప్పటికే ఫోన్ తీసింది.

వరండా చివర, నీళ్ళ తొట్టి గట్టు మీద నిలబడితేనే ఫోన్ అందుతుంది. మూడోసారికి డాక్టర్ మార్సియా ఎత్తింది.

“తాతు బొరియ, డాక్టర్ గారూ,” అంది దమియానా. అంతే అంది.

అవతల కుర్చీ జరిపిన చప్పుడు. డాక్టర్ పక్కకి తిరిగి ఎవరితోనో మందు పేరు చెప్పి, ఇప్పుడే, ఈ గంటలోనే అని అనడం వినిపించింది.

“ఎన్ని రోజులైంది?”

“ఇరవై రెండు.”

“మొదలుపెడుతున్నాను. మిగతాది నీ పళ్లెం తేల్చాలి. బొరియ దగ్గరున్న ప్రతి ఒక్కరి రక్తం నువ్వే తీసుకుని రాత్రి బస్సులో పట్టుకుపో. ఈసారి నడిమి గుంటలో ఏం పోయాలో తెలుసుగా.”

“తెలుసు. గీత ఇప్పుడే పడకపోయినా వారానికి మళ్ళీ చూస్తాను.”

“రాసుకుంటున్నా, చెప్పు. ఎంతమంది? తవ్వినవాళ్ళే కాదు. పక్కన ఊరికే నిలబడ్డవాళ్ళు కూడా.”

దమియానా వెనక్కి తిరిగి ఒస్ముందో వైపు చూసి మూడు వేళ్ళు చూపించింది. అతను తల ఊపబోయి ఆగాడు. తర్వాత ఊపాడు.

“ముగ్గురు. ఒకరు పోయారు.”

“కడుపుతో ఉన్నవాళ్ళెవరైనా? ఈ ప్రశ్న వదలకూడదు. నెలలు నిండుతున్నకొద్దీ వాళ్ళలో ఇది గడ్డివాములో నిప్పులా పాకుతుంది. మగవాళ్ళకి వారాలు పట్టేది వాళ్ళకి రోజులు చాలు. మందు కూడా వేరే చూడాలి.”

“లేరు డాక్టర్ గారూ. మా వైపు ఆడవాళ్ళు వేటకి పోరు. కుక్క ముక్కు పాడవుతుందంటారు.”

“మంచిది. లేరు అని రాస్తున్నా.”

“ముగ్గురం కాదు వదినా.”

జాసిరా ఎప్పుడు వచ్చిందో తెలియదు. తొట్టి పక్కనే, రెండడుగుల దూరంలో నిలబడి ఉంది. ఎండలో ఆమె ముఖం పాలిపోయి ఉంది.

“నలుగురం,” అంది.

వరండాలోంచి జుల్మీరా అరిచింది. “నాలుగోవాడు ఎవడే? ఎవర్ని దాస్తున్నావు మళ్ళీ?”

ఒస్ముందో రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

“హలో?” అంటోంది ఫోన్‌లో డాక్టర్. “దమియానా? లేరనే కదా అన్నావు?”

జాసిరా పొట్ట మీది నుంచి చేయి తీసింది. గౌను చేతిని మోచేతి పైదాకా మడిచింది. సూదికి వీలుగా చేయి చాపి, తొట్టి గట్టు మీద దమియానా ముందు పెట్టింది.